కుక్కపిల్లకు ఎజిలిటీ నేర్పడం: తిరుపతి, చిత్తూరు పెంపకందార్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎజిలిటీ అంటే ఏం ఆట?

మనిషి పక్కన పరుగెడుతూ దారి చూపిస్తుంటే కుక్క అడ్డుకర్రలు దూకాలి, టన్నెల్‌లో దూరి బయటికి రావాలి, ఏటవాలు పలకలెక్కి దిగాలి, వరసగా పాతిన కర్రల (వీవ్ కర్రల) మధ్య మెలికలు తిరగాలి. తప్పుల్లేకుండా, తక్కువ సమయంలో ముగించినదే గెలుస్తుంది. 1978లో ఇంగ్లండులో క్రఫ్ట్స్ డాగ్ షోలో ప్రేక్షకుల కాలక్షేపానికి గుర్రాలు అడ్డంకులు దూకే పోటీల (షో జంపింగ్) పద్ధతిలో దీన్ని మొదటిసారి ఆడించారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఎఫ్‌సీఐ (కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య) నియమాల ప్రకారం పోటీలు జరుగుతున్నాయి. ఈ పేజీలో ఇచ్చిన కొలతలు ఆ నియమాలవే.

మా పిల్లకి నాలుగు నెలలు. ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా. కాకపోతే దూకించడంతో కాదు. కుక్కపిల్ల కాళ్ల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. అది గట్టిపడక ముందే ఎత్తులు దూకిస్తే, పైనుంచి దిగే ప్రతిసారీ ఆ బరువంతా ముందుకాళ్ల మీద పడి అక్కడ దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ ఆ రోజు కనిపించదు. ఏడాది రెండేళ్ల తర్వాత కుంటుగా బయటపడుతుంది. చిన్న జాతుల్లో ఎనిమిది పది నెలలకు, మధ్యరకంలో ఏడాదికి, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవాటిలో పద్నాలుగు నుంచి పద్దెనిమిది నెలలకు ఎముక గట్టిపడుతుంది. పోటీల్లో దిగడానికి ఎఫ్‌సీఐ పద్దెనిమిది నెలలు నిండాలనడం ఊరికే కాదు.

అంతవరకు చేయాల్సిన పని బోలెడుంది. పిలిస్తే పరుగున రావడం, మీ ఎడమకీ కుడికీ రెండువైపులా నడవడం, బకెట్ చుట్టూ తిరిగి రావడం, కదిలే పలక మీద భయం లేకుండా నిలబడడం, వెనక్కాళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడం. ఈ పునాది వేసిన కుక్కకి మిగతా పరికరాలు కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. నాలుగు నెలలకే రెండడుగులు దూకించి వీడియో తీసి పెట్టాలన్న ఆత్రం మాత్రం దయచేసి మానుకోండి.

మరి ఏ వయసుకి ఎంత ఎత్తు?

ఆరు నెలల లోపు కర్రని నేల మీదే పెట్టండి. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య ముందుకాలి మణికట్టు ఎత్తు దాటనివ్వకండి. ఏడాది దాటాక మోచేతి ఎత్తుకి, పెద్ద జాతైతే పదిహేను నెలల తర్వాతే అంతకు పైకి. పోటీలో పూర్తి ఎత్తు కుక్క భుజం ఎత్తుని బట్టి ఉంటుంది. భుజం 35 సెం.మీ. లోపుంటే 25–30 సెం.మీ., 43 లోపుంటే 35–40, 48 లోపుంటే 45–50, ఆపైన 55–60. భుజం ఎత్తంటే తల ఎత్తు కాదు. కుక్కని సమంగా నిలబెట్టి, మెడ ముగిసి వీపు మొదలయ్యే దగ్గర రెండు భుజాల ఎముకలు కలిసే చోటు నుంచి నేలకు కొలవాలి.

నాటు కుక్క పనికొస్తుందా, జాతి కుక్కే కావాలా?

నాటు కుక్క బాగా పనికొస్తుంది. ఒళ్లు తేలిక, కాళ్లు పొడవు, మన ఎండకి అలవాటు పడిన ప్రాణం. కొత్త వస్తువుని చూస్తే అనుమానం ఎక్కువ కాబట్టి ప్రతి పరికరాన్నీ దానికి నిదానంగా పరిచయం చేయాలి. రాజపాళయం, చిప్పిపారై లాంటి వేటకుక్కలు వేగంలో మేటి. దూరంగా ఏదైనా కదిలితే మాత్రం అటే పోతాయి, కంచె లేని చోట వదలొద్దు. స్పిట్జ్‌లు, బీగిల్‌లు, లాబ్రడార్‌లు బాగా నేర్చుకుంటాయి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరి చాలదు. వాటితో చల్లని వేళ టన్నెల్, నేలమీది కర్రల ఆట వరకే ఆడండి. పోటీలకు పంపాలనుకుంటే ఒక్క మాట: వంశపత్రం ఉంటేనే రానిచ్చే పోటీలు కొన్ని ఉన్నాయి, ముందే అడగండి.

టీకాలు పూర్తికాకముందు బయటికి తీసుకెళ్లొచ్చా?

మైదానంలో నడిపించొద్దు. వీధి కుక్కలు తిరిగే మట్టిలో పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) క్రిములు నెలల తరబడి బతుకుతాయి. పలు జబ్బులకు కలిపి వేసే కంబైన్డ్ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలై మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా సాగుతుంది, మూడు నెలలకు రేబిస్ టీకా పడుతుంది. ఈలోగా పిల్లని ఎత్తుకునో, బుట్టలో పెట్టుకునో బయటి లోకం చూపించండి. లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటోల రొద, రేణిగుంట స్టేషన్లో రైలు కూత, గంగజాతర డప్పులు దూరం నుంచి వినిపించండి, వింటున్నంతసేపూ నోటికి ఏదో ఒకటి అందిస్తూ ఉండండి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినవీ విన్నవీ కుక్కకి జీవితాంతం మామూలు సంగతులైపోతాయి. ఆ వయసు దాటిపోతే అదే పనికి పదింతలు కష్టపడాలి.

ఎక్కడ నేర్పాలి? మా మిద్దె మీద చాలా చోటుంది.

మిద్దె మీద నడక, కూర్చోవడం, బకెట్ చుట్టూ తిరగడం వరకే. సిమెంటు నేల మీద దూకితే కీళ్లకి దెబ్బ, ఊపులో ఉన్న కుక్క పిట్టగోడ కూడా దూకేస్తుంది. ఇంట్లో గ్రానైట్, టైల్స్ మీదైతే పరుగే వద్దు. వెనక్కాలు జారి తుంటి పట్టేస్తుంది.

కావాల్సింది మట్టి నేల, వీలైతే గడ్డి. నలభై అడుగులకు నలభై అడుగులుంటే కుక్కపిల్ల శిక్షణకు ధారాళంగా సరిపోతుంది. చంద్రగిరి, తిరుచానూరు వైపు మామిడితోటల్లో, ఊరి బయట ప్లాట్లలో ఇలాంటి చోటు దొరుకుతుంది. మన ఎర్రనేలల్లో చూసుకోవాల్సింది పల్లేరుకాయలు. శిక్షణకు ముందు చెప్పుల్లేకుండా ఆ చోటంతా ఒకసారి నడవండి. మీ కాలికి గుచ్చుకున్నది కుక్క కాలికీ గుచ్చుకుంటుంది. ఒక్క ముల్లు దిగితే అది ఆ పరికరానికే భయపడిపోతుంది, ఎందుకంటే నొప్పికి కారణం ఆ పరికరమే అనుకుంటుంది.

అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ అంచున ఉండేవాళ్లు తెల్లవారుజామున చీకట్లో, సాయంత్రం మసక వేళ కుక్కని వదిలి ఆడించకండి. శేషాచలం అడవిలో చిరుతలున్నాయి, వాటికి కుక్క ఇష్టమైన ఆహారం. బాగా తెల్లారాకే మొదలుపెట్టండి.

ఎండాకాలంలో ఆపేయాలా?

ఏప్రిల్, మే నెలల్లో మనదగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పొద్దున ఏడు లోపు, అదీ పది నిమిషాలే. సాయంత్రం చల్లబడినట్టు మనకి అనిపించినా నేల వేడిగానే ఉంటుంది. అరచేతి వెనకవైపు నేలకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోజు సాయంత్రం ఆట లేదు. మిగతా వేళల్లో ఇంట్లో ఫ్యాన్ కింద పలక మీద నిలబడే పనులు చేయించండి.

కుక్కకి చెమటతో ఒళ్లు చల్లబడదు, వగరుస్తూనే చల్లబడాలి. నాలుక వెడల్పై పక్కకి వేలాడడం, చొంగ చిక్కబడడం, చిగుళ్లు ఎర్రగా కావడం, నడక తూలడం కనిపిస్తే వడదెబ్బ. కుక్క మామూలు వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు, 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే నీడకి తెచ్చి, ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వండి. తడి గుడ్డ కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే బిగబడుతుంది. చల్లార్చడం మొదలుపెట్టాకే ఆసుపత్రికి బయల్దేరండి. ఒక జాగ్రత్త: మధ్యాహ్నం మిద్దెమీది ట్యాంకు నీళ్లు కాగి ఉంటాయి. అందుకే శిక్షణ చోట నీడలో రెండు బకెట్ల నీళ్లు ముందే పెట్టుకోండి.

బహుమతిగా ఏం పెట్టాలి? లడ్డూ ప్రసాదం పెట్టొచ్చా?

లడ్డూ వద్దు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎంత తింటే ప్రమాదమో కుక్కకీ కుక్కకీ తేడా, కొన్నింటికి నాలుగైదు గింజలే ఎక్కువ. చక్కెర, నెయ్యి ఎలాగూ మంచివి కావు. ప్రసాదం ఇంట్లోవాళ్లు తినండి, కుక్కకి అందని చోట పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా నిషిద్ధం.

ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం శనగగింజంత ముక్కలుగా కోసుకోండి. కోడి తినని ఇళ్లలో పనీర్, ఉడికించిన క్యారెట్ వాడొచ్చు. ముక్క పెద్దదైతే కుక్క నమలడానికి ఆగుతుంది, ఆట ఊపు పోతుంది. రోజు మొత్తం తిండిలో ఈ ముక్కలు పదోవంతు దాటకూడదు, దాటితే ఆ మేరకు రాత్రి గిన్నెలో తగ్గించండి. పక్కటెముకలు చేతికి తగులుతూ ఉండాలి. తగలకపోతే కుక్క బరువెక్కినట్టే, ఆ బరువంతా దూకినప్పుడు కీళ్ల మీదే పడుతుంది.

ఆజ్ఞలు తెలుగులో ఇవ్వొచ్చా?

ఏ భాషైనా సరే. చెవికి వేర్వేరుగా వినిపించే పొట్టి మాటలు ఎంచుకోండి. ‘దూకు’, ‘ఎక్కు’, ‘తాకు’ మూడూ ఒకేలా ముగుస్తాయి, పరుగులో కుక్క తికమకపడుతుంది. ‘హప్’, ‘టన్నెల్’, ‘ఎక్కు’, ‘మెలి’ లాంటివి వినడానికి దూరదూరంగా ఉంటాయి. ఇంటిల్లిపాదీ అవే మాటలు వాడాలి. ఇక సరిగ్గా చేసిన క్షణాన్ని గుర్తించే మాట ఒకటి, ‘శభాష్’ అనుకుందాం, అది నోటి నుంచి వచ్చాక ఒక సెకనులో ముక్క అందాలి. ముక్క ముందు చూపించి తర్వాత చేయిస్తే కుక్క చేతినే చూస్తుంది, దారి చూడదు.

మొట్టమొదట ఏం నేర్పాలి?

బకెట్ చుట్టూ తిరగడం. బోర్లించిన బకెట్ పక్కన నిలబడి, కుక్క దాని వెనకవైపుకి తల తిప్పగానే శభాష్ అని ముక్క ఇవ్వండి. తర్వాత సగం చుట్టుకి, ఆ తర్వాత పూర్తి చుట్టుకి. ఎడమ చుట్టు, కుడి చుట్టు సమానంగా. అడుగు దూరం నుంచి చేస్తుంటే రెండడుగులు, అలా పది అడుగుల దూరం నుంచి పంపగలిగే దాకా. రేపు జంప్ కర్ర దాటి మలుపు తిరగడానికి ఇదే అవసరం.

కుక్క మీ మాట కంటే మీ కాళ్లనీ భుజాలనీ ఎక్కువ నమ్ముతుంది. నోటితో టన్నెల్ అంటూ భుజాలు జంప్ వైపు తిప్పితే జంప్‌కే పోతుంది, ఆ తప్పు కుక్కది కాదు. అందుకే పరికరాలేవీ లేకుండా మీరు కూడా నడక నేర్చుకోవాలి: కుక్కకి ఎదురుగా తిరుగుతూ దాని ముందు నుంచి పక్క మారడం, అది ముందుకెళ్లాక వెనకనుంచి పక్క మారడం. ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు. కుక్క ఇంకా ఆడాలనుకుంటుండగానే ఆపేయండి. వారంలో రెండు రోజులు పూర్తిగా సెలవు.

టన్నెల్ లోపలికి వెళ్లనంటోంది.

పోటీ టన్నెల్ వ్యాసం 60 సెం.మీ. పిల్లలు ఆడుకునే గుడ్డ టన్నెల్‌తో మొదలుపెట్టొచ్చు. దాన్ని ముడిచి అడుగు పొడవు చేయండి. ఒకరు కుక్కని ఇటు పట్టుకుంటే, ఇంకొకరు అటువైపు వంగి కంట్లో కన్ను పెట్టి పిలవాలి. రాగానే ముక్క. రోజుకి అడుగు చొప్పున సాగదీయండి, పూర్తిగా చాచాకే వంపు తిప్పండి. కుక్కని లోపలికి తొయ్యొద్దు. రెండువైపులా ఇసుక సంచులు ఆనించండి, కదిలే టన్నెల్‌లో ఒక్కసారి దొర్లిన పిల్ల మళ్లీ దూరదు.

జంప్‌లు, వీవ్ కర్రలు ఇంట్లో చేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు. ఒక అంగుళం పీవీసీ పైపు ఇరవై అడుగులది ఒకటి కోస్తే మీటరు చొప్పున ఆరు వీవ్ కర్రలొస్తాయి, రెండు పైపులకి పన్నెండు. 12 ఎం.ఎం. ఇనుపకడ్డీని అడుగు ముక్కలుగా కోయించి సగం నేలలో దిగగొట్టి వాటి మీద పైపులు తొడగాలి. కర్రకీ కర్రకీ మధ్య 60 సెం.మీ. ముందురోజు రాత్రి నీళ్లు చల్లితే గట్టినేలలో కూడా కడ్డీ దిగుతుంది. పైపు తీసేసి కడ్డీలు వదిలేసి వెళ్లడం మహా ప్రమాదం, పాఠం అయిపోగానే అన్నీ పీకేయండి.

జంప్ కర్ర 120 సెం.మీ. ఉండాలి. ఎంత తేలిగ్గా తగిలినా కింద పడాలి, బిగించి కట్టిన కర్ర కాళ్లు విరగ్గొడుతుంది. కర్రలకి నీలం, పసుపు టేపులు చుట్టండి. కుక్క కళ్లకి ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేలా ఉంటాయి, గడ్డిలో ఎర్ర టేపు దానికి కనిపించదు. ఎండకి పెళుసెక్కిన పైపు విరిగితే అంచు కత్తిలా ఉంటుంది, పగుళ్లు కనిపిస్తే పారేయండి.

వీవ్ కర్రలు ఎలా నేర్పాలి?

అన్నిటికంటే ఎక్కువ ఓపిక అడిగేది ఇదే. వెన్ను పదేపదే వంచే పని కాబట్టి ఏడాది దాటాకే. నియమం ఒకటే: మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం పక్కన ఉండాలి, ఏ దిక్కునుంచి వచ్చినా సరే.

రెండు కర్రలతో మొదలుపెట్టండి. వాటిని ద్వారంలా అడ్డంగా పెట్టి, కుక్క మధ్యలోంచి దాటగానే ముక్కో బంతో దాని ముందుకి విసరండి. మీ చేతికి రప్పించుకోవద్దు, ముందుకే చూడాలి. నేరుగా వస్తే సరిగ్గా చేస్తున్నప్పుడు, ఒక్కో అడుగూ పక్కకి జరిగి అర్ధచంద్రాకారంలో అన్ని కోణాల నుంచి పంపండి. పదిసార్లలో ఎనిమిది సరిగ్గా వస్తే ద్వారాన్ని కొంచెం వరసవైపు తిప్పండి. ఇంకో రెండు కర్రలు చేరేది ఆ తర్వాతే. నాలుగు, ఆరు, చివరికి పన్నెండు. వారానికి మూడు రోజులు, రోజుకి పదిసార్లు చాలు. రెండు నెలలు పట్టినా ఆలస్యం అనుకోవద్దు.

పదో కర్ర దగ్గర బయటికొచ్చేస్తుంటే అక్కడికి మీరు మందగిస్తున్నారేమో చూసుకోండి. మీరు ఆగితే కుక్క పని అయిపోయిందనుకుంటుంది. చివరి కర్ర దాటి రెండు మీటర్ల దాకా పరుగెత్తండి.

డాగ్ వాక్, ఏ-ఫ్రేమ్ మీంచి మధ్యలోనే దూకేస్తోంది.

డాగ్ వాక్ అంటే ఎత్తుగా కట్టిన సన్నటి పలకల వంతెన, ఏ-ఫ్రేమ్ అంటే ‘A’ ఆకారంలో ఆనించిన రెండు వెడల్పు పలకలు, సీ-సా అంటే మధ్యలో ఇరుసు మీద పైకీ కిందికీ ఊగే పలక. పలక చివర వేరే రంగు వేసిన భాగాన్ని కాంటాక్ట్ అంటారు. డాగ్ వాక్, సీ-సాలకు 90 సెం.మీ., ఏ-ఫ్రేమ్‌కి 106. దిగేటప్పుడు అందులో ఒక్క పాదమైనా పడకపోతే ఐదు తప్పు మార్కులు. డాగ్ వాక్ 120 నుంచి 130 సెం.మీ. ఎత్తు, ఏ-ఫ్రేమ్ 170. అంత పైనుంచి దూకితే భుజాలు దెబ్బతింటాయి కాబట్టి ఇది మార్కుల కంటే ఒంటికి సంబంధించిన సంగతి.

ముందు మెట్టు మీద నేర్పండి. వెనక్కాళ్లు రెండూ చివరి మెట్టు మీద, ముందుకాళ్లు నేల మీద, అలా ఆగితే ముక్క. ముక్క నేల మీద, కుక్క ముక్కుకి సూటిగా పెట్టాలి. మీ చేతిలోంచి ఇస్తే తల ఎత్తి మీ వైపు తిరుగుతుంది, వెనక్కాళ్లు పక్కకి జారతాయి. అది గట్టిపడ్డాక పలకని నేల మీద పెట్టి, తర్వాత ఒక చివర ఇటుక ఎత్తు లేపి సాధన చేయించండి. పలక 30 సెం.మీ. వెడల్పు. రంగు తడిగా ఉన్నప్పుడే సన్న ఇసుక చల్లితే కాలు జారదు.

సీ-సా అంటేనే వణికిపోతోంది. ఏం చేయాలి?

చాలా కుక్కలకి భయం పలక కదలడం వల్ల కాదు, అది నేలకి కొట్టుకునే చప్పుడు వల్ల. రెంటినీ విడదీసి నేర్పాలి.

కదలికకి: రెండడుగుల చదరపు ప్లైవుడ్ ముక్క కింద పాత సాక్సులో పెట్టిన టెన్నిస్ బంతి ఉంచండి. కుక్క ఒక కాలు పెడితే ముక్క, రెండు కాళ్లు పెడితే ముక్క, నాలుగూ పెట్టి పలక ఊగినా నిలబడితే గుప్పెడు. ఈ పని మూడు నెలల పిల్లతో కూడా చేయించొచ్చు.

చప్పుడుకి: సీ-సా కొసని గోనెసంచుల మడత మీద పడేలా పెట్టి, కొస నాలుగు వేళ్లే కదిలేలా ఇటుకలు పేర్చండి. కుక్క తానే ముందుకాలితో నొక్కి ‘ధబ్’ అనిపించాలి. తానే చేసిన చప్పుడుకి కుక్క తక్కువ భయపడుతుంది. రోజులు గడిచే కొద్దీ సంచులు తగ్గించండి, ఇటుకలు తీసేయండి. పూర్తి ఎత్తులో ఇరుసు 60 సెం.మీ. దగ్గర ఉంటుంది. లేచి ఉన్న కొస కాంటాక్ట్ మధ్యలో కిలో బరువు పెడితే రెండు మూడు సెకన్లలో పలక నేల తాకాలి. అంతకంటే బిగుసుకుంటే చిన్న కుక్కకి పలక దిగదు, వదులైతే గట్టిగా కొట్టుకుంటుంది. ఇంట్లో చేయించిన సీ-సాల్లో ఎక్కువ భయాలకి కారణం ఈ తూకం సరిగా లేకపోవడమే. కుక్కని తిట్టే ముందు ఇరుసు చూడండి.

కర్రలు పడగొడుతూనే ఉంది.

అలసట, ఎత్తు తొందరగా పెంచడం, దూకే క్షణంలో మీరు అరవడం, ఈ మూడింటిలో ఒకటి. ఎత్తు తగ్గించి వారం ఆడించండి. అప్పుడూ పడగొడితే డాక్టరుకి చూపించండి.

మధ్యలో వదిలేసి వీధి కుక్కల వెంట పోతోంది.

కంచె లేకుండా పట్టీ విప్పొద్దు. పది మీటర్ల పొడవు తాడు ఛాతీ పట్టీకి కట్టి సాధన చేయించండి, మెడకి కట్టొద్దు. జంప్‌లూ టన్నెలూ ఉన్నప్పుడు తాడు తగులుకుంటుంది కాబట్టి అది పిలుపు పాఠానికి మాత్రమే. పోయిన కుక్క తిరిగొచ్చినప్పుడు కొట్టకండి. కొడితే, రావడమే తప్పనుకుంటుంది.

మా పాప ఏడో తరగతి. తనే నేర్పొచ్చా?

చక్కగా నేర్పొచ్చు, పిల్లల పరుగు కుక్కలకి ఇష్టం. పెద్దవాళ్లొకరు పక్కనుండి ఎత్తులు, సమయం, నీళ్లు చూసుకోవాలి.

కుంటుతోంది. విశ్రాంతి ఇస్తే చాలా?

ఒక్కరోజు చూసి తగ్గకపోతే ఆసుపత్రికి. తిరుపతిలో 1955 నుంచి నడుస్తున్న పశువైద్య కళాశాల ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం, అక్కడ వైద్యశాల ఉంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు ఎత్తులు పెంచే ముందు ఒకసారి తుంటి ఎక్స్‌రే తీయించడం మంచిది. మనుషుల నొప్పిమాత్రలు ఇవ్వొద్దు, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కల ప్రాణం తీస్తాయి.

పోటీల సంగతి?

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కేంద్రం చెన్నైలో ఉంది, జాతి కుక్కల నమోదు అక్కడే. తిరుపతివాళ్లకి చెన్నై దగ్గర, చిత్తూరువాళ్లు చెన్నై గానీ బెంగళూరు గానీ వెళ్లొచ్చు. ఆడే ముందు ఒకసారి వెళ్లి ఊరికే చూసి రండి. కుక్కని కూడా తీసుకెళ్లి రింగ్ బయట కూర్చోబెట్టి, ఆ గోలలో తింటుందో లేదో చూడండి. నోటికి ముక్క అందుకోని కుక్క ఇంకా పోటీకి సిద్ధం కాలేదు.

వానాకాలంలో?

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తడిసిన ఎర్రమట్టి జారుతుంది, జంప్‌లు, ఏ-ఫ్రేమ్ ఆపేసి వరండాలో బకెట్, ఊగే పలక పాఠాలు చేయించండి. గడ్డి పెరిగితే పిడుదులు ఎక్కువవుతాయి. వాటివల్ల వచ్చే జ్వరానికి రక్తం తగ్గి కుక్క నీరసించిపోతుంది. ఆట అయిపోగానే చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక కింద వెతికి పట్టకారుతో చర్మానికి ఆనించి మెల్లగా పీకి, సబ్బునీళ్లలో వేయండి.